విమానానికో కండక్టర్ కావాలి

పైలట్ ఒక ఊరికని బయల్దేరి పక్క ఎయిర్‌పోర్టులో దిగితే అందరం పగలబడి నవ్వుతాం. గుమ్మం మీద పూలతో పేర్లు రాసిపెట్టినా పక్క ఫంక్షన్ హాల్లోకి వెళ్ళి, కడుపునిండా తిని, చదివింపుల బల్ల దగ్గర నాలుక కరుచుకున్నవాళ్ళం మనం. మనకా ఆ హక్కు?

2013 నవంబరు, అమెరికాలోని విచిటా. బోయింగ్ విమానాల భాగాలు మోసే డ్రీమ్‌లిఫ్టర్ అనే మహాకాయం 12,000 అడుగుల రన్‌వే ఉన్న మెకానెల్ వైమానిక స్థావరానికని వచ్చి, చిన్న విమానాల ఎయిర్‌పోర్టు జబారాలో దిగింది. ఇక్కడ రన్‌వే 6,101 అడుగులు. ఆ చుట్టుపక్కల ఎయిర్‌పోర్టుల రన్‌వేలన్నీ ఇంచుమించు ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి, పాపం. దిగాక మనమెక్కడున్నామన్న చర్చ మొదలైంది. రేఖాంశం తూర్పా పడమరా అని టవర్ అడిగితే, తన చేతిరాత తనకే అర్థం కాలేదన్నాడు పైలట్. చిన్నప్పుడు చూచిరాత ఎగ్గొట్టిన పాపం ఎక్కడ పండుతుందో చూడండి.

రెండు నెలలు తిరక్కుండానే, 2014 జనవరిలో సౌత్‌వెస్ట్ విమానం 124 మంది ప్రయాణికులతో అమెరికాలోనే బ్రాన్సన్ అనే ఊరికని వెళ్ళి పక్కనున్న చిన్న ఎయిర్‌పోర్టులో దిగింది. 3,738 అడుగుల రన్‌వే అది. చివరిదాకా వెళ్ళి ఆగింది.

ఇందులో పైలట్ తప్పేముంది? చీకట్లో దీపాల వరస కనబడింది. రన్‌వే కనిపించిందన్నాడు. సరే దిగమన్నారు. ఏ రన్‌వే అని ఎవరూ అడగలేదు. అసలు దారి ఎదురుగా తెరమీద మెరుస్తూనే ఉంటుంది, నిజమే. కానీ కళ్ళారా చూశానన్నవాడితో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

లండన్‌వాళ్ళు తెలివైనవాళ్ళు. 1960లో హీత్రూకి రావలసిన పానామ్ కంపెనీ బోయింగ్ 707 పక్కనున్న నార్తోల్ట్ ఎయిర్‌పోర్టులో దిగింది. అలా పొరబడకుండా అక్కడి గ్యాస్ ట్యాంకుల మీద పెద్దక్షరాలు రాయించారు: ఒకదాని మీద 'ఎల్‌హెచ్', ఇంకోదాని మీద 'ఎన్‌ఓ'. 'ఎల్‌హెచ్' అంటే లండన్ హీత్రూ, 'ఎన్‌ఓ' అంటే నార్తోల్ట్. 'నో' అని చదువుకున్నా పని జరుగుతుంది.

అన్నిటికన్నా నన్ను కదిలించింది మాత్రం 1995 సంగతి. డెట్రాయిట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి బయల్దేరిన నార్త్‌వెస్ట్ విమానం బ్రస్సెల్స్‌లో దిగింది. దారి మళ్ళించిన తప్పు కింద కంట్రోలర్లది. అయితే వెనక కూర్చున్నవాళ్ళు తెరమీద మ్యాపు చూస్తూ, బెల్జియం వైపు పోతున్నామేమిటని ముందే అనుకున్నారు. కాక్‌పిట్‌లో వాళ్ళకి మాత్రం నేల దగ్గరపడేదాకా తెలీదు. ఆర్టీసీ బస్సులో ఇది సాధ్యమా? ఊరు దాటితే ముసలమ్మ దగ్గర్నుంచి కోడిపుంజు దాకా అరుస్తారు.

అందుకే నా విన్నపం. విమానానికో కండక్టర్‌ని వేయండి. దిగే ముందు టికెట్ మిషన్‌తో కాక్‌పిట్ తలుపు టకటకా కొట్టి, "ఏ ఊరు సార్ ఇది?" అని అడుగుతాడు. పైలట్లిద్దరూ ఒకే పేరు చెబితే 'హోల్డాన్'. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారా, రెండు విజిళ్ళు వేసి 'రైట్ రైట్' అంటాడు.