రోగం కనిపెట్టినోళ్ళ పేరే రోగానికి అంటగడతారా?

యూరప్‌లో ఎల్మ్ అని ఓ పెద్ద చెట్టుంది, దాని పేరు చూస్తే ముచ్చటేస్తుంది. పాత ఇంగ్లిష్‌లోనూ ఎల్మే, వెయ్యేళ్ళు దాటినా అక్షరం మారలేదు. లాటిన్‌లో ఉల్ముస్, స్కాండినేవియా వాళ్ళ పాత భాష నార్స్‌లో అల్మ్ర్, అన్నీ ఒక్క తల్లి పిల్లలే, ఎరుపు-గోధుమ రంగుని చెప్పే ధాతువు నుంచి పుట్టాయని చాలామంది భాషావేత్తల మాట. విచ్ ఎల్మ్ అని ఒక రకం ఉంది, మంత్రగత్తె అనుకునేరు, కాదు, తేలిగ్గా వంగేది అని పాత అర్థం. ఇంత అమాయకమైన పేరుకి వందేళ్ళ కిందట ముందో ముక్క, వెనకో ముక్క తగిలించి, ఆ చెట్లని ఎండబెట్టే ఓ రోగాన్ని డచ్ ఎల్మ్ డిసీజ్ అన్నారు. డచ్ అంటే నెదర్లాండ్స్ వాళ్ళది అని. నా గొడవంతా ఆ ముందు ముక్క మీదే.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే టైంలో యూరప్‌లో ఎల్మ్ చెట్లు వరసపెట్టి ఎండిపోతుంటే యుద్ధంలో వాడిన విషవాయువులన్నారు, కరువన్నారు, నోటికొచ్చింది అన్నారు. అసలు కారణం ఒక ఫంగస్ అని తేల్చింది నెదర్లాండ్స్‌లో బేయా ష్వార్జ్ అనే అమ్మాయి, 1922లో తన థీసిస్‌లో. జర్మనీలో కొందరు సైంటిస్టులు ఒప్పుకోలేదు, అప్పుడు క్రిస్టీన్ బ్యూస్మన్ మళ్ళీ ప్రయోగాలు చేసి 1927లో నోళ్ళు మూయించింది. వీళ్ళ గురువు యొహానా వెస్టర్‌డైక్, 1917లో ఆ దేశానికి మొట్టమొదటి మహిళా ప్రొఫెసర్. ఇంతమంది ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడితే ఇంగ్లిష్ వాళ్ళు ఇచ్చిన బహుమతి ఏంటంటే రోగానికి వాళ్ళ దేశం పేరు. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు.

ఇంకా చిత్రం వినండి. బ్రిటన్‌లో 2.5 కోట్లకు పైగా ఎల్మ్ చెట్లని మింగేసిన రెండో విడత రోగం 1960ల్లో కెనడా నుంచి దిగుమతైన దుంగలతో వచ్చింది, అయినా పేరు మాత్రం డచ్చే. అదే నెదర్లాండ్స్ రాజధాని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇప్పటికీ 30 వేలకు పైగా ఎల్మ్ చెట్లున్నాయి, వసంతంలో వాటి గింజలు రాలి కాలవల గట్లన్నీ తెల్లగా అయిపోతాయి. డచ్ వాళ్ళు దీన్ని సింపుల్‌గా ఎల్మ్ రోగం అంటారు, జర్మన్లు ఎల్మ్ చావు అంటారు.

మన రైతు అయితే ఏమనేవాడు? రోగమొచ్చిన ఎల్మ్ కొమ్మ కోసి చూస్తే బెరడు కింద గోధుమరంగు చుక్కలు వలయంలా కనపడతాయి. బెరడు పురుగు మోసుకొచ్చిన ఫంగస్ పైకి పాకకుండా చెట్టు తన నీటి గొట్టాల్ని తనే మూసేసుకుంటుంది, దాంతో ఆకులకి నీళ్ళందక నడి వేసవిలోనే పసుపెక్కి వాడిపోతాయి, అంటే చెట్టు తన జాగ్రత్తతోనే తను చస్తుంది. కంది మొక్క వడలితే కాండం చీల్చి లోపల చారలు చూసే మనిషికి ఇది కొత్తేం కాదు, ఎండు తెగులు అనేస్తాడు. అగ్గి తెగులు, బూడిద తెగులు, కాటుక తెగులు, ఒక్కదాంట్లో అయినా పక్కూరి పేరుందా? కంటికి ఏది కనపడితే అదే పేరు.

పేరులో ఏముంది, వందేళ్ళ అలవాటు, అందరికీ అర్థమవుతుంది కదా, డచ్ వాళ్ళకే లేని బాధ నీకెందుకు అంటారు. సరే, చెట్టు విషయంలో పోనీలే అనుకుందాం.

మనుషుల దగ్గరికొస్తే ఈ అలవాటే ప్రాణాల మీదకి తెస్తుంది. 1918 ఫ్లూ స్పెయిన్‌లో పుట్టలేదు, యుద్ధంలో లేని దేశం కాబట్టి అక్కడి పత్రికలు దాచకుండా రాశాయి, అందుకే స్పానిష్ ఫ్లూ అయ్యింది. మనుషుల జబ్బులకి ఊళ్ళ పేర్లు, దేశాల పేర్లు పెట్టొద్దని డబ్ల్యూహెచ్ఓ 2015లో చెప్పింది, ఎవరు విన్నారు? 2021 నవంబర్‌లో ఒమిక్రాన్ గురించి సౌతాఫ్రికా ప్రపంచానికి చెప్పిన రెండ్రోజులకే వాళ్ళ విమానాలు ఆపేశారు. ఇంకోసారి ఎవడు ముందు నోరు విప్పుతాడు?

మనకీ తగిలింది ఆ దెబ్బ. 2021 మేలో ఎన్440కె అనే కరోనా రకానికి 'ఏపీ స్ట్రెయిన్' అని పేరు పెట్టేశారు. అది అప్పటికే తగ్గుముఖం పట్టిందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ సైంటిస్టులు చెప్తూనే ఉన్నారు, ఢిల్లీ మాత్రం ఏపీ, తెలంగాణ నుంచి వచ్చేవాళ్ళకి 14 రోజుల క్వారంటైన్ పెట్టింది. మనకి మండింది, మండాలి కూడా. కాకపోతే అంతకు ఐదు నెలల ముందు బ్రిటన్ వాళ్ళు కొత్త రకం కనపడిందని చెప్తే మన టీవీల్లో పొద్దస్తమానం నడిచిన స్క్రోలింగ్ గుర్తుందా? 'యూకే స్ట్రెయిన్'.