కాలిన పాత కారుని రంగు చూసి తేల్చేయకండి

ఎండలు ముదిరాయంటే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కమ్మలపాకలు కాలుతూనే ఉంటాయి. వాటిల్లో కొన్నింటి కింద తాతల నాటి అంబాసిడరో పద్మినీయో ఉంటుంది. నిప్పు ఆరిందో లేదో ఇద్దరు దిగుతారు. పాతసామాన్లాయన "ఇంకేటుంది బాబూ ఇందులో, తూకానికి ఇచ్చీండి" అంటాడు. టింకరింగ్ మేస్త్రి "పుట్టీ పెట్టి రంగు కొడితే కొత్త బండే" అంటాడు. ఇద్దరూ చూసింది పై రంగునే. మంట ఎక్కడ తగిలింది, అక్కడ ఎంత వేడెక్కింది, ఆరాక బండిని ఎలా ఉంచారు అన్నవి తెలియకుండా అటూ ఇటూ మాటివ్వడం తప్పు.

ముందు ఆరాక జరిగేదాని గురించి, ఎందుకంటే మంట మిగిల్చిన బండిని కూడా అదే తినేస్తుంది. వైర్ల మీది పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది తేమతో కలిస్తే యాసిడే. రంగు పోయి రేకు బయటపడి ఉంటుంది, పైగా మనది సముద్రపు గాలి. ఒకట్రెండు రోజుల్లోనే ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. మంట ఆర్పడానికి పౌడర్ సిలిండర్ వాడి ఉంటే ఆ పొడి కూడా తేమ పీల్చి ఇనుముని తింటుంది. అందుకని బ్యాటరీ వైర్లు తీసి, ట్యాంకులో పెట్రోలు దించి, ప్రతి మూలా ఫోటోలు తీయండి. ఇన్సూరెన్స్ ఉంటే సర్వేయర్‌ని వెంటనే పిలిపించండి, ఆయన చూసేదాకా ఇంకేదీ విప్పొద్దు. తర్వాత బకెట్ నీళ్ళకి రెండు మూడు గుప్పెళ్ళ వంటసోడా కలిపి కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి, బాగా ఆరబెట్టి, రేకు మొత్తానికి నూనె పట్టించండి. మసి గీకేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. పాత రంగుల్లో సీసం, పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటాయి. కాలి బంకలా కారిన నల్ల రబ్బరుని వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

ఎంత వేడెక్కిందో బండే చెప్తుంది. రంగు పొంగి ఊరుకున్న చోట రేకుకి ఏమీ కాలేదు. రేడియేటర్ టంకం కరిగిందంటే రెండు వందల డిగ్రీల పైమాట. కార్బురేటర్, పెట్రోలు పంపు లాంటి జింక్ పోత సామాన్లు నీరైతే దాదాపు 380 దాటింది. అల్యూమినియం పోత సామాన్లు కరిగి చుక్కలుగా కారాయా, దాదాపు 600. అద్దం మైనంలా జారిందంటే ఆ చుట్టుపక్కల రూఫు, పిల్లర్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

రూఫు ముందు వంగుతుంది. పెద్ద పలక, వేడికి సాగుతుంది, అంచులు కదలనివ్వవు, దాంతో ఉబ్బిపోతుంది. బొటనవేలితో నొక్కితే టక్కుమని లోపలికెళ్ళి మళ్ళీ బయటికొస్తోందంటే రేకు సాగిపోయింది. అరచేయంత మేర అయితే మంచి మేస్త్రి వేడిచేసి, చల్లార్చి బిగిస్తాడు. రూఫంతా అలా ఉంటే పిల్లర్ల దగ్గర కోసి వేరే రూఫు అతకాల్సిందే. దాని మీద మందంగా పుట్టీ పూయడం కొనేవాణ్ణి మోసం చేయడమే. మన రోడ్ల కుదుపుకి ఎండాకాలం తిరిగొచ్చేలోపే పగులుతుంది.

అసలు పరీక్ష కింద ఉంది. అంబాసిడర్‌కీ పద్మినీకీ విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు, బాడీయే ఫ్రేము. తాపీమేస్త్రి గోడ నిలువు చూసుకునే గుండు తీసుకోండి. ముందు సస్పెన్షన్ బిగించే పాయింట్ల నుంచీ, వెనక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) బ్రాకెట్ల నుంచీ గచ్చు మీదికి దించి, సుద్దతో గుర్తులు పెట్టండి. ఎడమ ముందు నుంచి కుడి వెనక్కీ, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కీ టేపు లాగండి. రెండు కొలతలూ దాదాపు ఒకటే రావాలి. ఐదారు మిల్లీమీటర్లు మించి తేడా వచ్చి, తలుపుల సందులు కూడా ఒకచోట ఇరుగ్గా, ఒకచోట వెడల్పుగా ఉంటే ఆ బాడీని వదిలేయమనే చెప్తాను.

స్ప్రింగుల విషయంలో ఎవరి మాటా వినొద్దు. అంబాసిడర్ ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనక కమాన్ కట్టలు పదును పెట్టిన ఉక్కు. మంటలో ఎర్రబడితే ఆ పదును దిగిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటాయి, నలుగురు ఎక్కితే కూలబడతాయి. మార్చేయాలి. బ్రేకు సిలిండర్ల రబ్బర్లు, హోసులు కూడా అంతే.

ఇంజిన్‌ని సెల్ఫ్ కొట్టి చూడొద్దు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, ఒకరోజు ఆగి, స్పానర్‌తో చేత్తో తిప్పండి. ఆయిల్ దించితే పాలలా ఉంటే నీళ్ళు చేరాయి. ఎర్రగా కాలిన పోత ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది, కాబట్టి బ్లాకుకీ హెడ్డుకీ క్రాక్ టెస్ట్ చేయించాలి. పద్మినీ హెడ్డు అల్యూమినియం కనుక వంగిందేమో సరిచూడండి. పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్‌ది ఇనప హెడ్డు, కాస్త ఓర్చుకుంటుంది.

ఇక లెక్క. బానెట్ కింద మాత్రమే కాలి, కొలతలు సరిగ్గా వస్తే నిస్సందేహంగా నిలబెట్టండి. వైరింగు, కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, హోసులు దొరికేవే. ఇక్కడ లేకపోతే విశాఖ గాజువాక ఆటోనగర్‌లో వెతకొచ్చు. లోపలంతా కాలి, రూఫు, ఫ్లోరు రెండూ వంగితే మామూలు అంబాసిడర్ మార్క్ 4నో నోవానో కోసం అంత ఖర్చు దండగ, అదే డబ్బుకి నడిచే బండి వస్తుంది. అంబాసిడర్‌కి ముందొచ్చిన ల్యాండ్‌మాస్టరో, తొలి అంబాసిడర్ మార్క్ 1నో అయితే వేరు, అలాంటివి మళ్ళీ పుట్టవు.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి: వేరే బండి బాడీ తెచ్చి, మీ ఛాసిస్ నంబరు కోసి దానికి అతికించడం. అది నేరం. పైగా 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన సొంత బండికి 20,000 రూపాయలు కట్టి వీఏ సిరీస్ వింటేజ్ నంబరు తీసుకోవచ్చు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఆ అర్హతా పోతుంది.

నిలబెట్టేవాళ్ళు వైరింగు వేయించేటప్పుడు పాత పద్ధతిలో ఒకటో రెండో ఫ్యూజులతో సరిపెట్టకండి. హెడ్‌లైట్లకి రిలేలు, ప్రతి లైనుకీ విడి ఫ్యూజు, బ్యాటరీ దగ్గర కటాఫ్ స్విచ్ పెట్టించండి. ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు పైపులు మెత్తబడి చెమరుస్తాయి, ఇథనాల్‌ని తట్టుకునే 30ఆర్9 గ్రేడు హోసు వేయండి. వదిలేసేవాళ్ళు బండిని తూకానికి ఇచ్చేముందు గేర్‌బాక్సు, వెనక యాక్సిల్, గ్రిల్లు, మీటర్లు విప్పి దాచండి, వాటికోసం వెతికేవాళ్ళు ఉన్నారు. తర్వాత ఆర్టీఓ ఆఫీసుకెళ్ళి ఆర్‌సీ రద్దు చేయించండి.