సముద్రాన్ని ఎండగట్టు విధానం

నదులూ కొండలే మనిషి బతుకును నిర్ణయిస్తాయని భూగోళ శాస్త్ర పాఠాలు ఇప్పటికీ చెబుతున్నాయి. మధ్య ఆసియాను చూసినవారెవరూ ఈ మాట నమ్మరు. అక్కడ నది ఎటు పోవాలో ఆఫీసులు నిర్ణయించాయి, నది కిక్కురుమనకుండా పోయింది.

ఆరల్ సముద్రం సంగతే చూడండి. పేరుకే సముద్రం, అసలుకి సరస్సు. 1960లో దాదాపు 68 వేల చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సుగా ఉండేది. పామీర్, తియాన్‌షాన్ పర్వతాల మంచు కరిగి ఆమూ దర్యా, సిర్ దర్యా నదులై అందులో కలిసేది. ఇన్ని నీళ్ళు ఊరికే సముద్రం పాలవడం సోవియట్ అధికారులకు నచ్చలేదు. ఎడారిలో పత్తి పండించాలన్నారు. పత్తికి నీళ్ళెక్కువ కావాలి, ఎడారిలో నీళ్ళుండవు. ఇలాంటి చిల్లర అభ్యంతరాలు వింటూ కూర్చుంటే పంచవర్ష ప్రణాళిక పదేళ్ళయినా పూర్తికాదు. 1954లో ఆమూ దర్యా నుంచి కారాకుమ్ కాలువ తవ్వడం మొదలుపెట్టారు. అది సాగి సాగి వెయ్యి కిలోమీటర్లు దాటింది. సిమెంటు లేని మట్టి కాలువ కావడంతో దారిలో ఇసుక తాగినంత తాగింది. సమసమాజంలో ఇసుకకు మాత్రం వాటా ఉండొద్దా?

ఫలితం అమోఘం. 2007 నాటికి సరస్సు పదో వంతుకు వచ్చింది. మొయ్‌నాక్ రేవు నుంచి సముద్రం వంద కిలోమీటర్లకు పైగా దూరం జరిగింది, ఓడలు మాత్రం ఇసుకలో అలాగే నిలబడ్డాయి. చేపల ఫ్యాక్టరీ మూతపడకుండా దూర సముద్రాల నుంచి గడ్డకట్టిన చేపలు తెప్పించి డబ్బాల్లో నింపారు. ప్రణాళికలో చేపలని రాసుంది, సముద్రం ఉండాలని రాసుందా ఏమిటి? ఎండిన అడుగు నుంచి ఉప్పూ, పురుగుమందులూ కలిసిన దుమ్ము లేచి చుట్టుపక్కల ఊళ్ళ మీద పడుతోంది. జనం సముద్రం దాకా నడవలేరని సముద్రమే వాళ్ళ ముక్కుల్లోకి వస్తోంది. ఇంతకన్నా సంక్షేమం ఏం కావాలి?

సోవియట్ యూనియన్ పోయింది, పత్తి పోలేదు. ఉజ్బెకిస్తాన్‌లో టీచర్లను, డాక్టర్లను, పిల్లలను పొలాల్లోకి తోలి మరీ పత్తి తీయించారు. అంతర్జాతీయ ఒత్తిడి పెరిగాక, ఆ పద్ధతి పోయిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో ప్రకటించింది. చదువూ వైద్యమూ మళ్ళీ బడుల్లో, ఆస్పత్రుల్లో ఇరుక్కుపోయాయి.

సిర్ దర్యా ఎగువన కిర్గిజ్‌స్తాన్‌కు చలికాలంలో కరెంటు కావాలి కాబట్టి తోక్తొగుల్ డ్యామ్ నీళ్ళు అప్పుడే వదులుతుంది. దిగువన రైతులకు నీళ్ళు కావాల్సింది ఎండాకాలంలో. పాతరోజుల్లో దిగువ రిపబ్లిక్కులు బొగ్గూ, గ్యాసూ పంపితే ఎగువవాళ్ళు చలికాలంలో నీళ్ళు ఆపి ఎండాకాలంలో వదిలేవారు. స్వాతంత్ర్యం వచ్చాక అందరికీ జెండాలూ, జాతీయగీతాలూ వచ్చాయి, ఆ లెక్క మాత్రం కుదరడం మానేసింది.

నమ్మకద్రోహం చేసింది కజకిస్తాన్. ప్రపంచ బ్యాంకు సాయంతో 2005లో కొక్-ఆరల్ ఆనకట్ట కట్టి ఉత్తర ఆరల్‌లో నీళ్ళు నింపేసింది. చేపలు సిగ్గు లేకుండా తిరిగొచ్చాయి.

ఆ లోటు ఆఫ్ఘనిస్తాన్ తీరుస్తోంది. ఆమూ దర్యా నుంచి 2022లో కోష్ తెపా కాలువ మొదలుపెట్టింది. పొడవు దాదాపు 285 కిలోమీటర్లు. నీటి పంపకాలపై 1992లో జరిగిన ఒప్పందంలో ఆ దేశానికి చోటే లేదు కనుక ఉల్లంఘించడానికీ ఏమీ లేదు. పైనున్నవాళ్ళు నది మళ్ళిస్తే కిందివాళ్ళ గతేమిటని ఇప్పుడు ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్ టెన్షన్ పడుతోంది. జవాబు తెలిసినవాళ్ళు మొయ్‌నాక్‌లో ఉన్నారు. అది ఉజ్బెకిస్తాన్‌లోనే కాబట్టి వీసా కూడా అక్కర్లేదు.