కేజన్ పిజ్జాలో టమాటా: ఒక ధర్మసందేహం

అమెరికాలోని లూసియానా రాష్ట్రపు కేజన్ పద్ధతిలో చేసే పిజ్జా మీద టమాటా పూయవచ్చునా, కూడదా? లోకంలో ఇంతకంటే పెద్ద సమస్యలు ఉన్నాయని మా ఆవిడ అంటుంది. ఉండవచ్చు. వాటి గురించి మాట్లాడేవారూ చాలామంది ఉన్నారు. దీని మీద నోరు విప్పిన తెలుగువాడిని, నాకు తెలిసినంతలో, నేనొక్కడినే. అందువల్ల ఈ భారం నా నెత్తిన పడింది.

నేను హ్యూస్టన్‌లో ఉంటాను. కారెక్కి తూర్పుగా రెండు గంటలు వెళ్తే లూసియానా వస్తుంది. మా పక్కింటాయన ఆ రాష్ట్రంలోని లఫాయెట్‌లో పుట్టి పెరిగిన కేజన్ పెద్దమనిషి. శనివారం ఆయనను భోజనానికి పిలిచాను. ఏం వండుతున్నారని అడిగితే తొందరపడి "కేజన్ పిజ్జా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. తిండి ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన మౌనంగా ఉండగా నేను చూడలేదు. ఆ మౌనమే నన్ను శాస్త్రాల వైపు తోసింది.

మొదట హైదరాబాదులోని మా మేనల్లుడిని సంప్రదించాను. "కేజన్ తెలుసు మామయ్యా, వేయించిన బంగాళాదుంపల మీద మయొనైజ్, కారం పోసి ఇస్తారు" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. ఎర్రగా కనిపించే ప్రతిదానికీ కేజన్ అని పేరు పెట్టే రోజులివి. 1980లలో పాల్ ప్రూడోమ్ అనే లూసియానా వంటగాడు చేపను వెన్నలో ముంచి, మసాలా అద్ది, భగభగ కాలిన ఇనుప పెనం మీద నల్లగా మాడ్చి అమెరికాకు పిచ్చెక్కించాడు. రెడ్‌ఫిష్ అనే ఆ చేప కోసం జనం ఎంతగా ఎగబడ్డారంటే వేట మీద ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. అలా చేప బతికిపోయింది. మసాలా డబ్బా మాత్రం ప్రపంచం మీద పడింది.

అసలు సంగతి ఇది. 1755 నుంచి బ్రిటిష్‌వారు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియాలో ఉన్న అకాడియన్లనే ఫ్రెంచి రైతులను వెళ్ళగొట్టారు. వారిలో కొందరు ఎక్కడెక్కడో తిరిగి లూసియానా చిత్తడి నేలలకు చేరారు. అకాడియన్ అన్న మాటే నోళ్ళలో నలిగి కేజన్ అయింది. క్రియోల్ అన్నది న్యూ ఆర్లియన్స్ పట్నం వంట. అందులో ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ చేతులన్నీ పడ్డాయి. రెండింటికీ సరిహద్దు ఏదంటే పెద్దలు చూపించేది టమాటాను. జంబలాయా అనే అన్నం వంటకం ఎర్రగా ఉంటే క్రియోల్, మట్టి రంగులో ఉంటే కేజన్. నదిని, కొండను హద్దుగా పెట్టుకున్న జాతులను చూశాం. కూరగాయను పెట్టుకున్నవారు వీరే. (అది పండు కదా అనబోకండి. టమాటా కూరగాయేనని అమెరికా సుప్రీంకోర్టు 1893లోనే సుంకాల తగాదాలో తేల్చేసింది.)

పోనీ టమాటా మానేద్దామంటే పిజ్జా పెద్దలు ఊరుకోరు. ఇటలీలోని నేపుల్స్‌లో వారు 1984లో ఏకంగా సంఘమే పెట్టుకున్నారు. కట్టెల పొయ్యి, 485 డిగ్రీల దాపు వేడి, 60 నుంచి 90 సెకన్ల కాలం. వారు అసలైనవిగా ఒప్పుకునేవి మరినారా, మార్గరీటా రెండే. రెండింటిలోనూ టమాటా ఉంది. మా ఓవెన్ మీట ఎంత తిప్పినా 288 దాటదు కనుక నా పిజ్జా పుట్టకముందే నేపుల్స్ దృష్టిలో పోయినట్టే. టమాటా వేస్తే లఫాయెట్ వెలివేస్తుంది, వేయకపోతే నేపుల్స్ వెలివేస్తుంది.

దారి చూపినవారు సిసిలీ వాళ్ళు. 19వ శతాబ్దం చివర పలెర్మో నుంచి నిమ్మకాయలు తెచ్చే ఓడల్లో వాళ్ళు వేలకు వేలుగా న్యూ ఆర్లియన్స్‌లో దిగారు. ఫ్రెంచ్ క్వార్టర్‌కు లిటిల్ పలెర్మో అన్న పేరు వచ్చింది. 1906లో అక్కడి సెంట్రల్ గ్రోసరీలో గుండ్రటి నువ్వుల రొట్టెలో ఆలివ్ ఊరగాయ, మాంసం, జున్ను కూరి ముఫలేటా చేశారు. కాబట్టి ఆ నేలలో గుండ్రటి రొట్టె మీద ఇటలీవాడికి అనుభవ హక్కు ఉంది. దీన్ని ఆధారం చేసుకుని తీర్పు చెప్పాను: సగం పిజ్జా క్రియోల్, టమాటాతో. సగం కేజన్, టమాటా లేకుండా. మధ్యలో సెలెరీ ముక్కలతో గీత. రాష్ట్ర విభజన చూసిన తెలుగువాడికి గీత గీయడం ఒకరు నేర్పనక్కరలేదు.

కేజన్ సగానికి ఎటూఫే అనే చిక్కటి రొయ్యల కూర పూయాలని నిశ్చయించాను. ఫ్రెంచిలో ఆ మాటకు ఊపిరాడకుండా చేసినది అని అర్థం. అది చేసేవాడి గురించి చెప్పిన మాట అని తరువాత తెలిసింది. దానికి మొదట రూ కావాలి. పిండిని నూనెలో వేయించడమే కదా అని తక్కువగా చూడకండి. అరకప్పు నూనె, అరకప్పు మైదా, అడుగు మందమైన మూకుడు, సన్నని సెగ, ముప్పావు గంట. అంతసేపూ గరిటె ఆగకూడదు. పిండి ముందు వేరుశనగ ముద్ద రంగుకు, తరువాత పాత రాగి చెంబు రంగుకు, చివరికి తాటిబెల్లం రంగుకు వస్తుంది. తాటిబెల్లానికీ బొగ్గుకూ మధ్య అర నిమిషం. ఒక్క నల్ల నలుసు కనిపించినా మొత్తం పారబోయవలసిందే. ఒంటి మీద చిందితే అంటుకుని కాలుస్తుంది కనుక వంటవాళ్ళు దీన్ని కేజన్ నాపామ్ అంటారు, నాపామ్ అంటే యుద్ధాల్లో వాడిన, ఒంటికి అంటుకుని మండే బాంబు సరుకు. నేను రెండుసార్లు పారబోశాను, ఒకసారి కాల్చుకున్నాను. ఆ మధ్యలో మా అమ్మాయి వచ్చి తనకు కాలేజీలో సీటు వచ్చిందని చెప్పిందట. "అక్కడ పెట్టమ్మా, చూస్తాను" అన్నానట. మూడో విడతలో తెలిసిందేమిటంటే, తాటిబెల్లం రంగు గంబో అనే పులుసుకు కావాలి, ఎటూఫేకు లేత రంగు చాలు.

తరువాత ఉల్లి, సెలెరీ, పచ్చ క్యాప్సికం. ఈ మూడింటినీ లూసియానాలో పరిశుద్ధ త్రిత్వం అంటారు. క్యాథలిక్కులు ఎక్కువ ఉన్న నేల కదా, వెల్లుల్లికి పోప్ అని పేరు. మా ఆవిడ సెలెరీ వాసన చూసి, "ఏమండీ, త్రిత్వంలో ఒకటి తగ్గితే ఏమవుతుంది?" అంది. ఇలాంటి ప్రశ్నల మీదే 325లో నైసియాలో క్రైస్తవ మహాసభ జరిగిందని గుర్తుచేశాను. సన్నగా తరగాలన్న షరతు మీద సెలెరీ నిలిచింది. ఒక మాట మాత్రం నిజంగా పనికొచ్చేది: ఈ మూడింటినీ ముందే నీరు ఇంకేదాకా మగ్గించకపోతే పిజ్జా అడుగు తడిసి చాప అవుతుంది. ఆండూయ్ సాసేజి పంది మాంసంతో చేస్తారు, అది మా ఇంట్లో నడవదు, కోడి ఆండూయ్ తెచ్చాను. దీన్ని రాజీ అనకూడదు, రాజ్యాంగ సవరణ అనాలి.

ఇంత శుద్ధి పాటిస్తూ పోతే తేలిందేమిటంటే, శుద్ధమైనది ఒక్కటీ లేదు. గంబో అన్న మాటకు మూలం ఆఫ్రికా భాషల్లో బెండకాయ. అంటే వారు తరతరాలుగా మీసం మెలేసి తింటున్నది ఒక రకం బెండకాయ పులుసు. అందులో చల్లే ఫీలే పొడి చాక్టా ఆదివాసులు నేర్పిన ఆకుపొడి. ఎవెరీ ద్వీపంలో 1868 నుంచి చేస్తున్న టబాస్కో మిరప సాస్‌కు పేరు మెక్సికోది. అయినా బయటివాడు చెయ్యి పెడితే సహించరు. 2016లో డిస్నీ సంస్థ రూ లేకుండా, కేల్ ఆకు, కీన్వా గింజలు వేసి ఆరోగ్యకరమైన గంబో చెప్పబోతే లూసియానా భగ్గుమంది. వంటకాన్ని తొలగించాక గాని చల్లారలేదు. నేను ఆ పక్షమే. కీన్వాకు క్షమాపణ లేదు.

ఎటూఫేలో వేసే క్రాఫిష్ అనే మంచినీటి రొయ్యలాంటి జీవి రుతువు అయిపోయింది కనుక రొయ్యలు తెచ్చాను. సంచి వెనక సన్నని అక్షరాల్లో భారతదేశపు సరుకు అని ఉంది. అమెరికాకు రొయ్యలు పంపేవారిలో మనం ముందువరుసలో ఉన్నాం, అందులో సింహభాగం ఆంధ్ర చెరువులది. భీమవరం గట్ల మీద తిరిగిన నేను తొమ్మిది వేల మైళ్ళు దాటివచ్చి ఆ రొయ్యనే కేజన్‌గా మార్చబోతున్నాను. పోనీ అదైనా మనదా? మన చెరువుల్లో పెంచే వన్నామి రొయ్య లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు జాతి. ఈ చౌక సరుకు వల్లనే తమ పడవలు ఒడ్డుకెక్కాయని లూసియానా జాలర్లు మొత్తుకుంటున్నారు. విదేశీ రొయ్యలు వడ్డించే హోటలు ఆ సంగతి మెనూలో చెప్పి తీరాలని అక్కడ చట్టం ఉంది. ఆ చట్టం టెక్సాస్‌కు వర్తించదు, ఇంటి భోజనాలకు అసలే వర్తించదు. కానీ ధర్మం వర్తిస్తుంది. తెల్లకాగితం మీద తెలుగులో "ఇందులోని రొయ్యలు దిగుమతి సరుకు" అని రాసి ఫ్రిజ్‌కు అంటించాను.

ఓవెన్ తెరిచేసరికి టమాటా సరిహద్దు దాటి కేజన్ భూభాగంలో రెండు అంగుళాలు ఆక్రమించింది. నేను తల వంచుకుని వడ్డించాను. పక్కింటాయన సరిగ్గా ఆ వివాదాస్పద ప్రాంతం నుంచే ముక్క తీసుకుని, నమిలి, ఇంకొకటి అందుకున్నారు. వాళ్ళ అమ్మ ఎటూఫేలో ఎప్పుడూ టమాటా వేసేదట. లఫాయెట్‌లోనే. నేను పెనుగులాడిన వారం రోజులూ కళ్ళ ముందు తిరిగాయి.

మూడో ముక్కకు ఆయన చూపు ఫ్రిజ్ మీద పడింది. నేను రాసిన వాక్యం కింద మా ఆవిడ చేతిరాతలో ఇంకొకటి ఉంది: "వంటవాడు కూడా." ఏం రాశారని ఆయన అడిగారు. మొదటి వాక్యానికి మాత్రం అర్థం చెప్పాను.