ఉష్ణం ఉష్ణేన ‘టీ’తలం

గుండెల్లో మంటకు టీ పనికిరాదని డాక్టర్లు ప్రచారం చేస్తున్నారు. బెంగళూరు మారతహళ్లిలో తొమ్మిదేళ్లుగా స్వయంగా మండుతున్న తెలుగువాడిగా దీన్ని ఖండించడం నా బాధ్యత. ముల్లును ముల్లుతో తీస్తాం. వజ్రాన్ని వజ్రంతో కోస్తాం. మంటను మరుగుతున్న టీతో ఆర్పుతానంటే మాత్రం నవ్వుతారు.

వైద్యం ఎలా జరుగుతుందో చెబుతాను. ఒంటిగంటకు ఆంధ్రా మెస్‌లో కందిపొడి, నెయ్యి, దాని మీద గోంగూర, చివర్లో పెరుగన్నంలోకి ఆవకాయ ముక్క. (ఇది భోజనం. దీన్ని అనుమానించకూడదు.) మూడింటికి మీటింగ్‌లో కూర్చోగానే రొమ్ము ఎముక వెనకాల సన్నగా మొదలవుతుంది. పుల్లటి తేన్పు గొంతు దాకా వచ్చి, ఎదురుగా మేనేజర్ని చూసి వెనక్కి పోతుంది. “గ్యాస్ మావా అది. అల్లం టీ కొట్టు, పోతుంది” అంటాడు పక్కసీటువాడు. వాడు చదివింది మెకానికల్. ఇద్దరం కిందికి దిగుతాం. టీ బండి అన్న అల్లం ముక్కను ఒక్క దెబ్బకు చితక్కొట్టి, ఎప్పటినుంచో మరుగుతున్న గిన్నెలో పడేస్తాడు. గుడ్డలోంచి వడకట్టి, బొటనవేలంత ఎత్తు గ్లాసుల్లో వన్ బై టూ పోస్తాడు. అంచు పట్టుకుంటే వేళ్లు కాలతాయి. మొదటి గుక్క దిగగానే మంట మాయం. పది నిమిషాలు. ఆ తర్వాత రెండో డోసు.

ఆ పది నిమిషాల ఘనత కూడా టీది కాదట, పాలదట. పాలు ఆమ్లాన్ని కాసేపు చల్లార్చి, తర్వాత ఇంకాస్త ఊరేలా కడుపును ఉసిగొల్పుతాయట. పైగా అన్నవాహిక అడుగున ఓ కండరం ఉంటుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. తిండిని లోపలికి పంపాలి, ఆమ్లాన్ని పైకి రానివ్వకూడదు. టీలోని కెఫీన్, థియోఫిలిన్ కొందరిలో ఆ కండరాన్ని వదులు చేస్తాయి. ఇక్కడే నా అభ్యంతరం. ఏ వాచ్‌మన్‌కైనా టీ పోస్తే మెలకువగా ఉంటాడు. వీడొక్కడే కునుకు తీస్తాడా? పుదీనా కూడా ఆ కండరాన్ని వదులు చేస్తుందని తెలిశాక మాత్రం నాకు కొంత ఊరట కలిగింది. మా ఆఫీసులో మింట్ టీ తాగేవాళ్లు మమ్మల్ని చూసే చూపు అలాంటిది.

1984లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టరు, కడుపు జబ్బుకు కారణం బ్యాక్టీరియాయేనని నిరూపించడానికి ఆ క్రిముల్నే గటగటా తాగేశాడు. (అది అల్సర్ల గొడవ, మన మంట వేరు.) కడుపు లోపలి పొర వాచింది. 2005లో తోటి పరిశోధకుడు రాబిన్ వారెన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. నేను రోజుకు ఆరుసార్లు ప్రయోగం చేస్తున్నా. ఎవరూ బిస్కెట్ కూడా ఇవ్వలేదు.

అయినా డాక్టరు దగ్గరికి వెళ్లాను. “రోజుకు ఎన్ని టీలు?” అన్నాడు. మూడన్నాను. ఆరు బై టూలు మూడే కదా. ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ మాత్ర రాసి, పరగడుపున, టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోమన్నాడు. టైముకే వేసుకుంటున్నా. దేంతో మింగాలో ఆయన చెప్పలేదు. రాత్రి తిన్నాక మూడు గంటల దాకా పడుకోవద్దన్నాడు. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఈదుకుంటూ ఇల్లు చేరి తినేసరికి పదకొండు. అంటే రెండింటి దాకా మేలుకోవాలి. అందుకు ఏం తాగాలో కూడా ఆయనే చెప్పాలి.

ఒక్కచోట మా వైద్యం చేతులెత్తేస్తుంది. ఆ మంట ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పట్టాయంటే టీ బండి కాదు, ఆస్పత్రి. ఇందులో జోకు లేదు.

ఇక అమ్మ. ఒంగోలు నుంచి రోజూ ఫోన్లో ఒకటే పాట: “ఆ దిక్కుమాలిన టీలు మానెయ్ నాన్నా, మజ్జిగలో ఇంత జీలకర్ర వేసుకుని తాగు.” పోయిన వారం స్వయంగా దిగింది. వచ్చిన రాత్రే టీ పొడి డబ్బాను నాకు కనబడకుండా అటక మీద పెట్టేసింది. తెల్లారి ఆరింటికి వంటింట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. స్టూలు ఎక్కి డబ్బా దించినట్టుంది. నుదుటికి తుండు బిగించి కట్టుకుని, పొంగుతున్న గిన్నెను పట్టకారతో దించుతోంది.

“ఇదేంటమ్మా?”

“ఇది తలనొప్పికిరా. మంటకు తాగేవాళ్లుంటారా ఎక్కడైనా?”