గోధుమలు చల్లితే డాక్టర్లు పండిన ఊరు

అర్జెంటీనాలోని శాంతా ఫే రాష్ట్రంలో, పంపా మైదానాల్లో, మోయిసెస్ విల్ అని చిన్న ఊరుంది. జనాభా రెండున్నర వేలకి అటూ ఇటూ. చుట్టూ సోయా చేలు, పచ్చిక, పాడి పశువులు. ఇలాంటి ఊళ్ళు అక్కడ బోలెడున్నాయి. కానీ విదేశాల్లోని మన తెలుగు సంఘాల కార్యవర్గాలు తెలుసుకోవాల్సిన చరిత్ర మాత్రం దీనిదే.

1889 ఆగస్టులో రష్యా సామ్రాజ్యంలోని పొడోలియా నుంచి ఎనిమిది వందల మందికి పైగా యూదులు వేజర్ అనే ఓడలో బ్వేనస్ ఐరెస్ చేరారు. యూరప్‌లో ఉండగానే భూమికి ఒప్పందం రాసుకున్నారు. తీరా దిగేసరికి రేటు పెరిగింది, భూమి చేజారింది. (ప్లాట్లు కొన్న మనవాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.) పలాసియోస్ అనే భూస్వామి శాంతా ఫేలో పొలాలిస్తానంటే అక్కడికి వెళ్ళారు. ఇళ్ళూ లేవు, పనిముట్లూ లేవు. రైలు స్టేషన్ దగ్గర షెడ్లలో, రైలు పెట్టెల్లో వారాల తరబడి పడి ఉన్నారు. లైను మీద పనిచేసే కూలీలు తమ తిండిలోంచి పిల్లలకి పెట్టేవాళ్ళు. అయినా జ్వరాలు తగిలి పదుల కొద్దీ పిల్లలు పోయారు. ఊరి కంటే ముందు సమాధులు లేచాయి.

వాళ్ళ అవస్థ కళ్ళారా చూసిన లోవెంటాల్ అనే డాక్టరు సంగతంతా బారన్ హిర్ష్ అనే కోటీశ్వరుడి దాకా చేరవేశాడు. 1891లో హిర్ష్ పెట్టిన వలస సంఘం భూములు కొని వాయిదాల మీద ఇచ్చింది. దానమేం కాదు. బాకీ తీరితే గానీ పట్టా చేతికి రాదు, ఆ పేచీలు ఏళ్ళ తరబడి నడిచాయి.

అప్పుల్లో ఉండి కూడా వాళ్ళు 1908లో రైతు సహకార సంఘం పెట్టుకున్నారు. గ్రంథాలయం, బడులు, ప్రార్థనా మందిరాలు వచ్చాయి. కడిమా నాటకశాల కట్టుకున్నారు. పగలు పాలు పితికి, మేత కోసిన రైతులు రాత్రి తమ ఇంటి భాష యిద్దిష్‌లో నాటకం చూసేవాళ్ళు.

మరి పిల్లలు? చదువుకుని రోసారియోకో, బ్వేనస్ ఐరెస్‌కో, తర్వాత ఇజ్రాయెల్‌కో వెళ్ళిపోయారు. 'గోధుమలు చల్లాం, డాక్టర్లని కోశాం' అని అక్కడి పాతతరం నవ్వుతూనే అనేది. ఇప్పుడు ఊళ్ళో యూదులు కొద్దిమందే. వాళ్ళ చరిత్ర చెప్పే మ్యూజియం, ఆ భవనాలు నిలబడ్డాయంటే యూదులు కాని ఇరుగుపొరుగు కూడా వాటిని మా ఊరివే అనుకోవడం వల్ల.

మన సభల్లో ఏ వేదికెక్కినా ఒకటే పాట: పిల్లలకి తెలుగు రావట్లేదు, సంఘానికి రావట్లేదు. మోయిసెస్ విల్ వాళ్ళు హీబ్రూ పంతుళ్ళని తయారుచేసే బడి కూడా నడిపారు, అయినా పిల్లలు ఆగలేదు. కాబట్టి పిల్లల్ని ఆడిపోసుకోవడం మానేద్దాం. సంఘం ఏం చేస్తోందో చూద్దాం. రెండు రోజుల సంబరానికి హోటల్ హాలు, హైదరాబాద్ నుంచి గాయకులు, పట్టు చీరలు, ఫొటోలు. మూడో రోజున మిగిలేది ఎవరి గ్యారేజీలోనో చుట్టపెట్టిన బ్యానర్లు! సంబరాలు వద్దనను, నేనూ వెళ్తాను. కానీ మంగళవారం సాయంత్రం తలుపు తెరిచి ఉండే ఒక్క గది ఎన్ని సంఘాలకుంది? నాలుగు బీరువాల పుస్తకాలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కాలక్షేపానికి కూర్చునే కుర్చీలు, తెలుగు రాని పొరుగువాళ్ళు కూడా వచ్చి మన వంట నేర్చుకునే పొయ్యి, ఇంత చాలు.

'ఎవరొస్తారండీ' అంటారు. మొదట్లో ఎవరూ రారు. అద్దె మాత్రం కట్టాల్సిందే. వచ్చే సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివేటప్పుడు, కళాకారుల విమాన టికెట్ల పద్దు కింద ఆ అద్దె పద్దు ఉందో లేదో లేచి అడగండి.