డబ్బు కట్టి కొన్న పాటకు తాళమా?

కొత్త ల్యాప్‌టాప్ కొని నెల కాలేదు, నాన్న కీర్తనలు మోగడం మానేశాయి. అన్నీ డబ్బు కట్టి కొన్నవే! ఏది నొక్కినా ఒకటే మాట: ‘ఈ పరికరానికి అనుమతి లేదు’. ఎవరివ్వాలి అనుమతి? తిరుపతి గాంధీ రోడ్డులో షాపు అబ్బాయి గంటసేపు కుస్తీ పట్టి తేల్చాడు: “ప్రాసెసర్ మారిందన్నా. పాత సాఫ్ట్‌వేర్ దీంట్లో ఎక్కదు, కొత్తది మీ లైసెన్స్ తీసుకోదు.”

కంప్యూటర్ కంపెనీలకు ఇది మామూలే. యాపిల్ 1994లో పవర్‌పీసీ ప్రాసెసర్లకి, 2006లో ఇంటెల్‌కి, 2020లో సొంత చిప్పులకి మారింది. మార్చుకోండి, వేగం పెరుగుతుంది, కాదనను. మేం కొన్నదాన్ని ఎందుకు పాతిపెడతారు?

పోనీ కాపీ కాకుండా ఫైళ్లకు వేసిన ఈ డిజిటల్ తాళం మనమే తీద్దామంటే భయం. 2012లో కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేర్చారు. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. నాన్నకేం ఉద్దేశం ఉంటుంది? పొద్దున కాఫీ తాగుతూ వినాలని, అంతేగా!

అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులను ఐదొందల ఏళ్లయినా చదువుకుంటున్నాం. ఈ ఫైళ్లు ఐదేళ్లు ఆగలేదు. బ్యాటరీ చచ్చిన పాత ల్యాప్‌టాప్‌నే అటక మీంచి దించి, ప్లగ్గు పీకకుండా వింటున్నారు నాన్న. కరెంటు పోతే పాట సగంలో ఆగిపోతోంది.